గ్రాస్‌లో పటం గీసే ఆదేశాలను స్క్రిప్టుగా దాచుకోవడం ఎలా?

చెరువుగట్టు (హనుమకొండ):
నమస్కారం. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో నీరు ఎంత మేర ఉందో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో పటాలు చేస్తున్నాను. వాడేది గ్రాస్ 8 అనే పటాల సాఫ్ట్‌వేర్, ప్రొజెక్షన్ (భూమిని చదునుగా చూపే పద్ధతి) కోడ్ 32644. మూడో, ఎనిమిదో బ్యాండ్లతో నీటి సూచిక రాస్టర్ (గడిగడికీ ఒక విలువ ఉండే చిత్రం) తయారుచేసి, దాని మీద మండలాల హద్దులు, కాలువలు, లెజెండ్ (ఏ రంగుకు ఏ విలువో చెప్పే పట్టీ), స్కేలు, తేదీ పెడతాను. కొత్త చిత్రం వచ్చిన ప్రతిసారీ ఇవన్నీ మళ్లీ టైపు చేయాల్సి వస్తోంది. పైగా లెజెండ్ ఒక్కోసారి ఒక్కో మూల కూర్చుంటోంది. రెండు పటాలు పక్కపక్కన పెడితే మా గైడు గారు ముందు దాని గురించే అడుగుతారు, నీటి సంగతి తర్వాత! వర్క్‌స్పేస్ సేవ్ చేసి చూశాను, పాత పటమే తెరుచుకుంటోంది. గీసిన ఆదేశాలను దాచే డి.సేవ్ వాడమన్నారు కానీ నా దగ్గర ఆ ఆదేశమే లేదు.

ఓరుగల్లు రాస్టర్:
డి.సేవ్ గ్రాస్ 6 నాటిది, దాని కోసం వెతక్కండి. డి.మాన్‌తో మానిటర్ (పటం గీసే తెర) తెరిచి, పటం నచ్చినట్టు కుదిరాక డి.మాన్ -సి కొట్టండి. గీసిన ఆదేశాలన్నీ వరుసగా వస్తాయి. వాటిని ఒక ఫైలులోకి మళ్లించి, ప్రయత్నించి వదిలేసినవి ఉంటే తీసేయండి. రాస్టర్ పేరు ఉన్న ప్రతిచోటా $1, తేదీ ఉన్నచోట $2 పెట్టండి; స్క్రిప్టు నడిపేటప్పుడు మీరిచ్చే మొదటి, రెండో మాటలు అక్కడ పడతాయి. పైన డి.మాన్ స్టార్ట్=కైరో (తెర మీద కాకుండా ఫైలులోకి గీసేది), అవుట్‌పుట్‌కు ఫైలు పేరు; చివర డి.మాన్ స్టాప్=కైరో.

ఇక్కడ ఆగితే సగం పనే అయినట్టు. గీసే ఆదేశాల్లో రీజియన్ (పటంలో చూపే ప్రాంతం హద్దు) ఉండదు, రంగులూ ఉండవు. కాకతీయుల నాటి కట్ట ఎక్కడికీ కదలదు. పటంలో కదిలిందంటే మీ రీజియన్ మారిందనే అర్థం. జి.రీజియన్ సేవ్=తో హద్దు దాచి, స్క్రిప్టు మొదట్లోనే దాన్ని పిలవండి. రంగుల పట్టిక రాస్టర్‌తోనే ఉంటుంది కాబట్టి, కొత్త రాస్టర్‌కు ఆర్.కలర్స్ రూల్స్=తో మీ పట్టికే వేయండి. లేకపోతే ఏ తేదీ రాస్టర్‌కు ఆ తేదీ విలువల మేరకే రంగులు పడి, మే నెలలో బురదకూ అక్టోబరులో నీటికీ ఒకే నీలం రావచ్చు. గైడు గారు అడగాల్సింది దీని గురించి!

లెజెండ్‌కు ఎట్=5,50,2,5 అని ఇవ్వండి: కింద, పైన, ఎడమ, కుడి, అన్నీ శాతాల్లో. దానికే రేంజ్=-1,1 కూడా చేర్చండి, లెజెండ్ ప్రతిసారీ అవే విలువల మధ్య ఉంటుంది.

భూపాలపల్లి మ్యాపులు:
ఇంత షెల్ స్క్రిప్టు తంటా ఎందుకండీ? పైథాన్‌లో రాస్తే చదవడానికీ హాయి.

ఓరుగల్లు రాస్టర్:
రాయవచ్చు. కానీ పది వరుసల పనికి, తెర మీద ఇప్పటికే కుదిరిన ఆదేశాలను వదిలేసి కొత్తగా మొదలుపెట్టడం నాకు నచ్చదు. పటంతో పాటు విస్తీర్ణం లెక్కలు, పట్టికలు కూడా కావాలంటే అప్పుడు పైథానే మేలు.

చెరువుగట్టు:
ధన్యవాదాలు. లెజెండ్ ఇప్పుడు కదలడం లేదు. మూడు చెరువులకూ ఒకే స్క్రిప్టు సరిపోతుందా? లక్నవరం చుట్టూ గుట్టలు, అంచులన్నీ మెలికలు. పాకాలకు పెట్టిన హద్దు దానికి కుదరదు.

ఓరుగల్లు రాస్టర్:
సరిపోతుంది. చెరువుకొక రీజియన్ దాచి, ఆ పేరును $3గా ఇవ్వండి. అవుట్‌పుట్ ఫైలు పేరులో $3, $2 రెండూ ఉంచండి, లేదంటే ఒకదాని మీద ఒకటి పడతాయి.