అణ్వస్త్రాలు తగ్గితే అణుయుద్ధ ప్రమాదం తగ్గినట్టేనా?

1980ల మధ్యలో ప్రపంచంలో సుమారు 70 వేల అణ్వస్త్రాలు ఉండగా, అందులో అత్యధికం అమెరికా, సోవియట్ యూనియన్లవే కాగా, నేడు ఆ మొత్తం 12 వేల పైచిలుకుకు తగ్గింది. అయినా, ప్రపంచ వినాశనాన్ని ‘అర్ధరాత్రి’గా భావించి దానికి మనం ఎంత దగ్గరలో ఉన్నామో సూచించే, 1991లో అర్ధరాత్రికి 17 నిమిషాల దూరంలో ఉన్న ‘డూమ్స్‌డే క్లాక్’ ముల్లును 2025లో 89 సెకన్ల దూరానికి జరిపారు (అది కొలత కాదు, నిపుణుల అంచనా మాత్రమే). క్యూబాలో సోవియట్ క్షిపణుల విషయమై రెండు దేశాలూ అణుయుద్ధం అంచుకు చేరిన 1962 నాటి క్యూబా సంక్షోభం సంగతి అందరికీ తెలిసిందే గానీ, నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది 1983వ సంవత్సరం. ఆ సెప్టెంబరులో అమెరికా క్షిపణులు వస్తున్నాయని సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ హెచ్చరించినప్పుడు, విధుల్లో ఉన్న అధికారి స్తనిస్లావ్ పెత్రోవ్ దానిని పొరపాటుగా భావించి, పై అధికారులకు అలాగే నివేదించారు. ఇటువంటి తప్పుడు హెచ్చరికల వల్ల కలిగే ముప్పును పరిశోధకులు ఏ పద్ధతిలో అంచనా వేస్తారు? మధ్యశ్రేణి క్షిపణులను నిషేధిస్తూ అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య 1987లో కుదిరిన ఒప్పందం 2019లో ముగిసిపోవడం ఆ ముప్పును నిజంగా పెంచిందా? ఈ రంగంలో పరిచయమున్నవారు దయచేసి వివరించగలరు.