క్లాసులో ఫోన్లు పెట్టించే పౌచ్‌లు: ఏవి కొంటే మంచిది? (బెంగళూరు)

కేఆర్‌పురం_మాస్టారు
మాది బెంగళూరులో ఒక పీయూ (మన ఇంటర్ లాంటిది) కాలేజీ, సెక్షన్‌కి 42 మంది. ఫోన్లు అసలు తేవద్దంటే కుదరదు. సగం మంది మెట్రోలో వస్తారు, టికెట్ క్యూఆర్ వాట్సాప్‌లోనే ఉంటుంది. అందుకని పొద్దున్నే ఫోన్లు తీసుకుని, సాయంత్రం ఇచ్చేద్దామన్నారు ప్రిన్సిపల్ గారు. కొనే పని నా నెత్తిన పడింది. ఆన్‌లైన్‌లో గోడకు వేలాడదీసే జేబుల షీట్లు, తాళం పడే పౌచ్‌లు, సిగ్నల్ ఆపేవి కనిపిస్తున్నాయి. వాడినవాళ్లు ఉంటే చెప్పండి.

చిక్‌పేట_అక్క
మాస్టారూ, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు జోలికి మాత్రం వెళ్లకండి. నేను పనిచేసిన చోట అదే కొన్నారు. చెప్పులు పెట్టుకోవడానికి తలుపు వెనక తగిలిస్తామే, అలాంటిదే. ఇప్పటి ఫోను కవరుతో కలిపి 200 గ్రాములు దాటుతుంది. 42 ఫోన్లంటే దాదాపు తొమ్మిది కిలోలు. మా అటెండర్ రెండు మేకులు కొట్టి తగిలించాడు. మూడో రోజు పాఠం మధ్యలో షీటు మొత్తం దబ్బున కింద పడింది. రెండు స్క్రీన్లు పగిలాయి. డబ్బులు ఎవరిస్తారని తల్లిదండ్రులు వచ్చి కూర్చుంటే మేనేజ్‌మెంట్ వాళ్లు టీచర్ వైపు చూశారు. ఆ టీచర్ నేనే.

తర్వాత చిక్‌పేటలో మందపాటి కాన్వాస్ కొని టైలర్‌తో కుట్టించాం. కొలతలు రాసుకోండి. 6.7 అంగుళాల ఫోను కవరుతో 17 సెంటీమీటర్ల పొడవు, 8 కంటే కాస్త ఎక్కువ వెడల్పు ఉంటుంది. మందం కూడా కలుపుకోవాలి కాబట్టి జేబు 10 సెంటీమీటర్లకు తక్కువైతే పిల్లలు బలవంతంగా తోస్తారు, కుట్టు ఊడుతుంది. లోతు 14 చాలు. పైన మూడు సెంటీమీటర్లు బయటికి కనిపించాలి, అప్పుడే ఏ జేబు ఖాళీగా ఉందో గుమ్మం దగ్గర్నుంచే తెలుస్తుంది. జేబు మూలల్లో రెండుసార్లు కుట్టించండి. పైన అంచులో ఇనప పట్టీ దూర్చి, గోడకు డ్రిల్ చేసి ప్లగ్గులు వేసి నాలుగు చోట్ల బిగించండి. నంబర్లు పెయింటుతో రాయించండి, స్టిక్కర్లు నెలలో లేచిపోతాయి.

మైలాపూర్_రావు
చెన్నైలో మాకూ ప్లాస్టిక్‌తోనే తంటా. ఇక్కడి ఉక్కపోతకు జేబులు జిగటగా తయారై, ఫోను లాగితే కవరు లోపలే ఉండిపోయేది.

వైట్‌ఫీల్డ్_నాన్న
తాళం పౌచ్‌ల సంగతి చెప్తాను. మా మేనకోడలు అమెరికాలో చదువుతోంది, వాళ్ల స్కూల్లో ఇవే. యోండర్ అని 2014లో మొదలైన కంపెనీ, మొదట్లో కచేరీలకు, కామెడీ షోలకు ఇచ్చేది. ఫోను పిల్లల దగ్గరే ఉంటుంది కానీ పౌచ్ మూతకు మాగ్నెట్ లాక్. బట్టల షాపులో డ్రెస్‌కు బిళ్ల ఉంటుంది చూడండి, ఆ పద్ధతే. గేటు దగ్గర ఉన్న పరికరానికి తాకిస్తే తెరుచుకుంటుంది. అక్కడ పిల్లకు ఏడాదికి 25–30 డాలర్లు పడుతుందని వార్తల్లో చదివాను. మీ 42 మందికి లెక్కేసుకోండి. పైగా గట్టి మాగ్నెట్ ఒకటి దొరికితే తాళం ఊడుతుంది. ఎస్పీ రోడ్డు లాంటి ఎలక్ట్రానిక్స్ బజారు ఉన్న ఊళ్లో మన పిల్లలకు మాగ్నెట్ దొరకదా?

రిచీ_స్ట్రీట్_రిపేర్
సిగ్నల్ ఆపే పౌచ్ వద్దు. లోపల ఫోను సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది, సాయంత్రానికి పిల్లాడి దగ్గర మెట్రో టికెట్ తీయడానికి చార్జ్ ఉండదు. అలారం మాత్రం హాయిగా మోగుతుంది! ఇంకొకటి, పౌచ్‌లో ఉండగా చార్జింగ్ పెట్టనివ్వకండి. గుడ్డలో చుట్టిన బ్యాటరీ వేడెక్కుతుంది.

లాస్ట్_బెంచ్_2019
మాస్టారూ, ఒక రహస్యం. మా బ్యాచ్‌లో అందరి దగ్గరా ఇంట్లో పడున్న పాత ఫోను ఒకటి ఉండేది. పౌచ్‌లోకి అది, సాక్సులోకి అసలుది. నంబరు ఉన్న జేబులన్నీ నిండుగా ఉంటే సార్ సంతోషంగా పాఠం మొదలుపెట్టేవారు. ఒక రోజు మా వాడి కాలు మోగింది.

చిక్‌పేట_అక్క
అందుకే పెట్టేటప్పుడు స్క్రీన్ వెలిగించి చూపించి, స్విచాఫ్ చేసి పెట్టమంటాను. మొదటి వారం పన్నెండు నిమిషాలు పట్టింది, ఇప్పుడు నాలుగు. అసలు తలనొప్పి సాయంత్రమే. బెల్ కొట్టగానే అందరూ ఒకేసారి గోడ మీద పడతారు. నంబర్ల వరుసలో పదేసి మందిని పిలవండి.

హూడీ_అమ్మ
ఇవన్నీ సరే, మధ్యలో ఇంట్లో అత్యవసరమైతే? మా వాడి స్కూల్లో ఆఫీసు నంబరు ఇచ్చారు. రెండుసార్లు చేస్తే రెండుసార్లూ ఎవరూ ఎత్తలేదు. ముందు ఆ ఫోను ఎత్తే మనిషిని పెట్టండి, తర్వాత పౌచ్‌లు కొనండి.

వైట్‌ఫీల్డ్_నాన్న
నిజమే అమ్మా. పగిలితే బాధ్యత ఎవరిదో కూడా మొదటి రోజే కాగితం మీద ఉండాలి. అన్నట్టు, ఆంధ్రాలో 2023 ఆగస్టులో స్కూళ్లలో ఫోన్లు నిషేధించినప్పుడు టీచర్లు కూడా క్లాసులోకి తేకూడదన్నారు. మీ దగ్గర ఆ మాట ఎవరైనా ఎత్తారా మాస్టారూ?

కేఆర్‌పురం_మాస్టారు
అందరికీ థ్యాంక్స్. అక్క చెప్పిన కొలతలతో ముందు ఒక్క సెక్షన్‌కే కాన్వాస్ కుట్టిస్తున్నాం. ఆఫీసు ఫోను దగ్గర క్లర్క్ ఒకావిడ కూర్చోవడానికి ఒప్పుకున్నారు. వైట్‌ఫీల్డ్ నాన్నగారి మెసేజ్ ప్రిన్సిపల్‌కి చూపించాను, 43వ జేబు కూడా కుట్టించమన్నారు. ఎవరికి సార్ అని అడిగితే, నా చేతిలో ఫోను వైపు చూశారు.