ప్రజాస్వామ్యం ఎలా వస్తుంది: వంద దేశాల లెక్కా, ఒక్క దేశం లోతా?

అంకెలరాయుడు:
నా ఓటు లెక్కలకే. డబ్బున్న దేశాల్లోనే ప్రజాస్వామ్యం ఎక్కువని 1959లో సామాజిక శాస్త్రవేత్త లిప్సెట్ చూపాడు. 1997లో రాజకీయ శాస్త్ర పరిశోధకులు ప్షెవోర్‌స్కీ, లిమోంజీ 1950–90 డేటాతో ఆ మాటను రెండుగా చీల్చారు. ఆదాయం పెరిగిందని నియంతృత్వం పడిపోదు. కానీ వచ్చిన ప్రజాస్వామ్యం నిలవడానికి ఆదాయం అక్కరకొస్తుంది. 1975 నాటి అర్జెంటీనా తలసరి ఆదాయం 6,055 డాలర్లు (1985 ధరల్లో). అంతకు మించిన ఆదాయమున్న దేశంలో ప్రజాస్వామ్యం కూలిన దాఖలా వాళ్ళకు దొరకలేదు. ఒక్కో దేశం కథ చెప్పుకుంటూ పోతే ఈ తేడా దొరికేదా?

చరిత్రపురుగు:
1950 నుంచే ఎందుకండీ? అప్పటికే పశ్చిమ ఐరోపాలో చాలా దేశాలు గట్టు దాటేశాయి, ఆ మార్పులేవీ మీ పట్టికలో లేవు. 2003లో పరిశోధకులు బోయిష్, స్టోక్స్ 19వ శతాబ్దం నుంచి లెక్కేస్తే ఆదాయం ప్రభావం మళ్ళీ తేలింది. 2008లో ఆర్థికవేత్త అసెమోగ్లు బృందం ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెడితే, అంటే ప్రతి దేశాన్నీ దాని గతంతోనే పోల్చితే, సంబంధం మాయమైంది. ఏ లెక్కను నమ్మమంటారు?

గళ్ళనుడి:
రిగ్రెషన్ (ఆదాయానికీ ప్రజాస్వామ్యానికీ మధ్య గీత గీసే లెక్క) దాకా ఎందుకు, కోడింగ్ దగ్గరే, అంటే ఏ దేశాన్ని ఏ గడిలో వేయాలో తేల్చే దగ్గరే గొడవ ఉంది. ప్షెవోర్‌స్కీ బృందం నియమం ప్రకారం పాలకపక్షం ఓడి దిగిపోయేదాకా ఆ దేశానికి ప్రజాస్వామ్యం ముద్ర పడదు. అందుకే బోట్స్‌వానా నియంతృత్వాల గడిలో పడింది. ప్రజాస్వామ్యాన్ని −10 నుంచి +10 దాకా కొలిచే పాలిటీ స్కేలేమో దానికే మంచి మార్కులిచ్చింది. 1966 నుంచి ఏలిన పార్టీ 2024లో ఓడింది. అవే నియమాల కింద ఓడితే పాత ఏళ్ళన్నీ వెనక్కెళ్ళి మార్చాలి! దేశం మారలేదు, గడి మారింది.

అంకెలరాయుడు:
ఒప్పుకుంటా. అయితే రెండు నియమాలతోనూ లెక్క నడిపి, ఫలితం నిలిచిందో లేదో చూపాలి. నియమాన్ని బయట పెడతాం కాబట్టే తప్పు పట్టగలిగారు.

చరిత్రపురుగు:
స్పెయిన్‌నే చూడండి. 1975 నవంబరులో నియంత ఫ్రాంకో మరణం, ఏడాదికి ఆయన నాటి పార్లమెంటు కోర్టెస్సే తన ఉనికిని రద్దు చేసే చట్టానికి ఓటేసింది. డిసెంబరులో దానిపై రెఫరెండం (ప్రజల ఓటు), 1977 జూన్‌లో ఎన్నికలు. మీ పట్టికలో ఇదంతా నియంతృత్వపు 0 పోయి ప్రజాస్వామ్యపు 1 రావడమే. ఆ ఓటు ఎందుకు పడిందన్నదే కదా అసలు ప్రశ్న!

గళ్ళనుడి:
అక్కడా ఓ గుంట ఉంది చరిత్రపురుగు గారూ. పాలకుల్లో చీలికతోనే మార్పు మొదలవుతుందని 1986లో రాజకీయ శాస్త్రవేత్తలు ఓడోనెల్, ష్మిట్టర్ అన్నారు. 1989లో చైనాలోనూ చీలిక వచ్చింది: నిరసనకారులతో మెత్తగా పోదామన్న పార్టీ నేత జావో జియాంగ్ ఒకవైపు, అణచాలన్న ప్రధాని లీ పెంగ్ ఒకవైపు. మార్పు రాలేదు. మార్పు వచ్చిన దేశాలనే ఏరుకుంటే చీలిక ఒక్కటే చాలనిపిస్తుంది. ముందు ఆదాయం–ప్రజాస్వామ్యం లెక్కతో గీత గీసి, ఆ గీతకు దూరంగా పడ్డవాటిని తవ్వాలి: పేదగా ఉండీ 1990లో మారిన మంగోలియా, సంపన్నమైనా మారని సింగపూర్. గీతమీద బుద్ధిగా కూర్చున్న దేశాన్ని తవ్వితే కొత్తగా దొరికేది తక్కువ.