అమికలోలా ఫాల్స్ లాడ్జికి 17 మంది: మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వారాంతం ఎలా?

ప్రశ్న (కమింగ్, జార్జియా, అమెరికా):
ఇండియా నుంచి అమ్మానాన్న, అత్తగారు వచ్చారు. అక్కా బావల కుటుంబం షార్లెట్ నుంచి వస్తోంది. పిల్లలతో కలిపి మొత్తం 17 మందిమి. అక్టోబరు చివర్లో ఆకులు రంగు మారేటప్పుడు అమికలోలా ఫాల్స్ స్టేట్ పార్కు లాడ్జిలో రెండు రాత్రులు ఉండాలని ఆలోచన. అమ్మకు మోకాళ్ళ నొప్పి, అత్తగారికి షుగరు. అక్కడ 604 మెట్లున్నాయంటున్నారు. వీళ్ళు జలపాతం చూడగలరా? గదులు ఎలా తీసుకోవాలి? భోజనం సంగతేంటి?

జవాబు:
మెట్ల గురించి భయం వద్దండి. ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా అమ్మగారు జలపాతాన్ని ఎదురుగా నిలబడి చూడొచ్చు. కొండ సగం ఎత్తులో వెస్ట్ రిడ్జ్ పార్కింగ్ ఉంది. అక్కడి నుంచి రబ్బరు పరిచిన వెడల్పాటి దారి సుమారు 0.3 మైలు నడిస్తే నేరుగా జలపాతం మధ్యలో ఉన్న వంతెన మీదికి తీసుకెళ్తుంది. వీల్‌చెయిర్ వెళ్ళేలా వేసిన దారి అది. నీళ్ళ తుంపర ముఖం మీద పడేంత దగ్గరగా నిలబడతారు. 729 అడుగుల జలపాతం మొత్తం ఒక్కచోటి నుంచి కనబడదు కానీ, ఉన్న చోట్లన్నిటిలోకీ ఈ వంతెనే మంచిది. ఇది చూశాక కారులో పైకి వెళ్ళండి. పై పార్కింగ్ నుంచి నాలుగడుగులు వేస్తే జలపాతం అంచున ఇంకో వంతెన. అక్కడి నుంచి కొండలు కనబడతాయి.

మెట్లు ఎక్కాలనుకునే కుర్రాళ్ళను కింద దింపేయండి. కింది నుంచి మధ్య వంతెనకు 175 మెట్లు, అక్కడి నుంచి పైకి 425 పైచిలుకు. రెండో భాగమే ఆయాసం తెప్పించేది. ఒకరు కారు తీసుకుని పైన కాచుకుంటే, మిగతావాళ్ళు ఎక్కడమే తప్ప దిగే పని ఉండదు. మోకాళ్ళను దెబ్బతీసేది ఎక్కడం కంటే దిగడమే. యాభై దాటినవాళ్ళు "ఎక్కాం కదా, దిగడమెంతసేపు" అని బయల్దేరకుండా చూసుకోండి. మెట్ల సందుల్లోంచి కింద కనబడుతుంది, తడిగా ఉంటే జారతాయి. చీర కుచ్చిళ్ళు, హవాయి చెప్పులు ఈ మెట్లకు పనికిరావు.

వెస్ట్ రిడ్జ్ పార్కింగ్ చిన్నది. శనివారం పదిలోపే వెళ్ళండి. పదకొండు దాటితే ఖాళీ కోసం బండ్లు వరుస కడతాయి.

మరొకరి జవాబు, గదుల గురించి:
జార్జియా స్టేట్ పార్కుల్లో 13 నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు. అక్టోబరు శని, ఆదివారాలు మొదట్లోనే అయిపోతాయి. ఇప్పుడు దొరక్కపోతే రోజూ పొద్దున ఒకసారి సైటు చూస్తుండండి, రద్దయినవి మళ్ళీ కనబడతాయి. శుక్ర, శని కుదరకపోతే ఆది, సోమ చూడండి. పెద్దవాళ్ళకు ఆ రోజులే హాయి.

17 మందికి నా సలహా: వంటగది ఉన్న కాటేజీ ఒకటి, మిగతావాళ్ళకు లాడ్జి గదులు. గదికి నలుగురు చొప్పున సర్దుకోవచ్చు, కానీ పెద్దవాళ్ళ గదిలో పిల్లలను వేయకండి. రాత్రి రెండుసార్లు లేచేవాళ్ళకు కింద పరుపుల మీద పిల్లలుంటే కాలు తట్టుకుంటుంది. బుక్ చేశాక లాడ్జికి ఫోన్ చేసి, మెట్లు లేకుండా వెళ్ళగల గది, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ ఉన్నది కావాలని అడగండి. ఆన్‌లైన్‌లో రాసిన విన్నపాన్ని నమ్ముకోవద్దు. కాటేజీ కొండ మీద ఎక్కడ పడుతుందో మ్యాపులో ముందే చూసుకోండి. లాడ్జికీ కాటేజీకీ మధ్య చీకట్లో పెద్దవాళ్ళు నడిచే దారి కాదు, కారు కావాలి.

బండికి పార్కింగ్ పాసు కొనాలి. రాత్రి బస చేసేవాళ్ళు రోజూ కొనక్కర్లేదు.

ప్రశ్న వేసినవారు:
చాలా ఉపయోగం అండీ. కాటేజీలో వంట చేసేద్దామా, ఇంటి నుంచి తీసుకెళ్దామా?

జవాబు:
మొదటి రాత్రికీ, శనివారం మధ్యాహ్నానికీ ఇంటి నుంచే. 17 మందికి పులిహోర అంటే ఒకటిన్నర కిలో బియ్యం, 200 గ్రాముల చింతపండు, పావు లీటరు నూనె, 15 పచ్చిమిర్చి. పాత సోనామసూరి అయితే ఒకటికి ఒకటిముప్పావు నీళ్ళు చాలు. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. అక్కడ తొందరపడితేనే మర్నాటికి చెమ్మ పట్టి వాసన వస్తుంది. అన్నం పళ్ళెంలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే కలపండి. వేడి మీద మూత పెట్టిన డబ్బాలో ఆవిరి పట్టి ముద్దయిపోతుంది. ఎంత పులుపున్నా ఒక రాత్రి బయట ఉంచొద్దు, ఐస్ పెట్టెలో పెట్టండి.

దద్దోజనానికి ముప్పావు కిలో బియ్యం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు లీటరున్నర పాలు పోసి మెదిపి, చల్లారాక రెండు చెంచాల పెరుగు మాత్రమే. అప్పుడు మధ్యాహ్నానికి పుల్లబడదు. తాగే నీళ్ళ సీసాలకు వేరే ఐస్ పెట్టె ఉండాలి. పిల్లలు పది నిమిషాలకోసారి తెరిచే పెట్టెలో పెరుగన్నం చల్లగా ఉండదు.

షుగరున్న అత్తగారికి పులిహోర, దద్దోజనం రెండూ అన్నమే. ఉడికించిన శనగలు, చపాతీలు, ఒక కూర విడిగా పెట్టుకోండి. కొన్ని షుగరు మాత్రలు వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోవచ్చు, కాబట్టి ఆవిడ చేతిసంచిలోనే గ్లూకోజు బిళ్ళలో చిన్న జ్యూసు డబ్బానో ఉండాలి, కారు డిక్కీలో కాదు.

కాటేజీలో తాలింపు పెట్టేటప్పుడు ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగుతుంది. పోపు ఇంట్లోనే వేసి చిన్న సీసాలో తెచ్చుకుంటే ఆ గొడవే ఉండదు. కరెంటు పొయ్యి ఆపినా చాలాసేపు వేడిగా ఉంటుంది. పప్పు గిన్నె దాని మీదే వదిలేస్తే అడుగంటుతుంది, పక్కకు దించండి. ఇంకోటి: ఇన్‌స్టంట్ పాట్ వెయ్యి వాట్లు లాగుతుంది, నీళ్ళ కెటిల్ పదిహేను వందలు. 15 ఆంపియర్ల లైను 1800 వాట్లు మించితే బ్రేకరు పడిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి.

లాడ్జి గదుల్లో మాత్రం పొయ్యి వెలిగించే ఆలోచనే వద్దు.

మరొకరు:
ఎలుగుబంట్లున్న అడవి అది. ఐస్ పెట్టె, చెత్త సంచి వరండాలోగానీ కారులోగానీ రాత్రి ఉంచకూడదు, లోపల పెట్టాలి.

దారి గురించి కూడా. పార్కులో పైకి వెళ్ళే రోడ్డు 25 శాతం వాలు. మనుషులతో నిండిన వ్యాను కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే కాలిన వాసన వస్తుంది, తర్వాత బ్రేకు పట్టదు. లో గేరు వేసి, మధ్యమధ్యలో మాత్రమే బ్రేకు నొక్కండి. ఫోను సిగ్నలు ఆ కొండల్లో అంతంత మాత్రం. కమింగ్‌లో ఉండగానే మ్యాపు దించుకోండి, కలుసుకునే చోటు, వేళ ముందే చెప్పుకోండి.

అక్టోబరులో హైవే 52 మీద రద్దీ చాలా ఉంటుంది. పార్కు పక్కనే బర్ట్స్ గుమ్మడికాయల తోట, పడమటికి వెళ్తే ఎలిజేలో యాపిల్ తోటలు. యాపిల్ పండుగ ఆ నెల రెండో, మూడో వారాంతాల్లో. మీరు చివర్లో వెళ్తున్నారు కాబట్టి ఆ రద్దీ తప్పుతుంది. షార్లెట్ వాళ్ళను శుక్రవారం చీకటి పడకముందే చేరమనండి, ఆ రోజుల్లో ఆరుముప్పావుకల్లా పొద్దు వాలిపోతుంది.

ఒక్క విషయం ముందే అనుకోవాలి. జార్జియాలో అక్టోబరు బాగా పొడిగా ఉండే నెల. వానలు లేకపోతే జలపాతం పలచగా ఉంటుంది. ఆకుల రంగు కోసం వెళ్తే ఇదే అదను. నీళ్ళ హోరు వినిపించాలంటే అమ్మానాన్నలు ఉండగానే మార్చిలో మళ్ళీ ఒక పూట తీసుకెళ్ళండి, కమింగ్ నుంచి దగ్గరే కదా.