కంపెనీలకు స్వేచ్ఛ ఎంత, బాధ్యత ఎంత? విశాఖ వాళ్లు చెప్పండి

ఎంవీపీ కాలనీ వాసి:
రుషికొండలో ఐటీ కంపెనీ టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకే ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో కేబినెట్ నిర్ణయించింది కదా, నేను దాన్ని సమర్థిస్తాను. 12 వేల ఉద్యోగాలంటున్నారు. మన పిల్లలు ఇంజనీరింగ్ అవగానే హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కేస్తున్నారు. వచ్చేవాళ్లని గుమ్మంలోనే షరతులతో ఆపితే పక్క రాష్ట్రానికి పోతారు. బాధ్యత అంటారా, పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలనే సీఎస్ఆర్ చట్టం ఉండనే ఉంది.

గోపాలపట్నం:
గురువుగారూ, ఉద్యోగాల మాట ఒప్పుకుంటాను. సీఎస్ఆర్ ఉంటే చాలు అనడం దగ్గరే నాకు పేచీ. మూడేళ్ల సగటు లాభంలో 2 శాతంతో బడికి బెంచీలొస్తాయి, ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు వస్తుంది, మంచిదే. ఫ్యాక్టరీ లోపల ట్యాంకు ఏ స్థితిలో ఉందో ఆ డబ్బు చూడదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఏం జరిగింది? లాక్‌డౌన్‌లో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం వేడెక్కిపోయి విషవాయువై బయటికొచ్చింది, అలా వేడెక్కకుండా కలపాల్సిన రసాయనం సరిపడా లేదు, సైరన్ మోగలేదు, నిద్రలోంచి లేచిన జనం ఎటు పరిగెత్తాలో తెలియక రోడ్ల మీదే పడిపోయారు. 12 మంది చనిపోయారు. పర్యావరణ అనుమతి లేదని అంతకు ముందు ఏడాదే కంపెనీ స్వయంగా ప్రమాణపత్రంలో రాసిచ్చింది, అయినా ఉత్పత్తి ఆగలేదు. ఆ అనుమతి ఏదని అడగడం వేధింపా? లాభం ఎంతైనా సంపాదించుకోండి, ధర మీ ఇష్టం, కానీ గోడ అవతల ఉన్నవాళ్ల ప్రాణాలు పణంగా పెట్టి ఖర్చు తగ్గించుకునే స్వేచ్ఛ ఎవరికీ ఉండకూడదు.

గాజువాక:
ఆ ఫ్యాక్టరీ 1961 నాటిది, అప్పుడు చుట్టూ ఇన్ని ఇళ్లు లేవు. తర్వాత అక్కడ ఇళ్లకి ప్లాన్లు పాస్ చేసిందెవరు? అంతా కంపెనీ మీదే వేస్తే వాళ్లు తప్పించుకుంటారు.

గోపాలపట్నం:
నిజమే అన్నా, వాళ్లనీ అడగాలి. కాకపోతే ట్యాంకులో ఏముందో కంపెనీకి తెలుసు, ఇల్లు కట్టుకున్నవాడికి తెలీదు. ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకు కేసులో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాళ్లు 'మేం జాగ్రత్తగానే ఉన్నాం' అన్నా నష్టపరిహారం కట్టాల్సిందేనని.

కంచరపాలెం:
స్వేచ్ఛ అంటే పెద్ద కంపెనీలదేనా? మా పిన్ని ఇడ్లీ బండి పెట్టుకుంది, ఒకరోజు అధికారులు ముందుగా ఒక్క మాట చెప్పకుండా బండి ఎత్తుకెళ్లారు. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని 2014 వీధి వ్యాపారుల చట్టంలో స్పష్టంగా ఉంది. ఆవిడ ఎవర్నీ భూమి అడగలేదు, రోడ్డు పక్కన ఆరడుగుల చోటు చాలు.

ఎంవీపీ కాలనీ వాసి:
బండి విషయంలో మీతోనే ఉన్నానమ్మా. చెప్పినన్ని ఉద్యోగాలు రాకపోతే భూమి వెనక్కి తీసుకుంటామని ఒప్పందంలో రాయించుకోవడం కూడా న్యాయమే. కానీ ఐటీ ఆఫీసునీ రసాయనాల ఫ్యాక్టరీనీ ఒకే గాటన కట్టొద్దు, అనుమతుల పేరుతో ఏళ్ల తరబడి తిప్పితే ఎవరూ రారు.

గోపాలపట్నం:
తిప్పమనడం లేదు గురువుగారూ. నెలలో ఇచ్చేయండి, ఇచ్చాక ఏటా వెళ్లి ట్యాంకు చూడండి, సైరన్ మోగించి చూడండి.