బ్యాంకు ఫోనులో నొక్కిన అంకెలను యంత్రం తీసుకోవడం లేదు. పెద్దవారికి సులువైన మార్గం ఏమిటి?

ప్రశ్న (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అమ్మగారు గుంటూరు బ్రాడీపేటలో ఒంటరిగా ఉంటారు. ఆవిడ దగ్గర ఒక బటన్ ఫోను, ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఉన్నాయి. ఈ మధ్య బజారులో ఏటీఎం కార్డు పోగొట్టుకుని, దానిని నిలిపివేయించడానికి బ్యాంకు నంబరుకు ఫోను చేశారు. తెలుగు కోసం ఏ అంకె నొక్కాలో చివరగా చెప్పారు. ఆ తరువాత వచ్చిన సూచన విని, ఫోను చెవి దగ్గర నుండి తీసి, కళ్లద్దాలు సర్దుకుని అంకె నొక్కేలోపే గడువు ముగిసిందని లైను తెగిపోయింది. ల్యాండ్‌లైన్ నుండి ప్రయత్నిస్తే ఏ అంకె నొక్కినా యంత్రం ఉలకలేదు, పలకలేదు. పోయిన కార్డును ఆపడానికి ఆ కార్డు మీది 16 అంకెలే అడగడం అన్నింటికంటే బాధాకరం. డెబ్బై దాటిన మనిషి మరొకరి సాయం లేకుండా ఈ పని చేసుకోగలిగే దారి ఉంటే దయచేసి తెలియజేయగలరు.

జవాబు (బ్యాంకు ఉద్యోగ విరమణ చేసినవారు, సత్యనారాయణపురం)

అమ్మా, కార్డు ఇంకా ఆగకపోయి ఉంటే ఫోను సంగతి పక్కన పెట్టి, ఈ రోజే ఖాతా ఉన్న శాఖలో రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, ఖాతాదారు తెలియజేసిన తరువాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలి. కనుక ఎప్పుడు తెలియజేశామన్న రుజువు మన చేతిలో ఉండాలి. ఫోనులో చెప్పినా ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోకుండా పెట్టేయకూడదు.

16 అంకెల విషయానికి వస్తే, చాలా బ్యాంకుల్లో కార్డు నంబరుకు బదులు ఖాతా నంబరు చెప్పే వీలుంటుంది. ఖాతాకు జతచేసిన మొబైలు నుండే ఫోను చేసి, పాసుపుస్తకం ఎదురుగా పెట్టుకుంటే పని తేలికవుతుంది.

ఇక అసలు ఇబ్బంది, అంకె వెతుక్కునేలోపు గడువు దాటిపోవడం. దీనికి మీరు ఒకసారి శ్రమపడితే అమ్మగారికి ఎప్పటికీ హాయి. మీరే ఆ నంబరుకు ఫోను చేసి, కార్డు ఆపే చోటుకు చేరడానికి ఏ అంకెలు ఏ వరుసలో నొక్కాలో కాగితం మీద రాసుకోండి. తరువాత ఆవిడ ఫోనులో ఆ నంబరును భద్రపరిచేటప్పుడు, నంబరు చివర విరామపు గుర్తు పెట్టి ఆ అంకెలను కూడా చేర్చండి. బటన్ ఫోన్లలో నక్షత్రం గుర్తున్న మీటను మళ్లీ మళ్లీ నొక్కితే ఇంగ్లిషు అక్షరాలు పి, డబ్ల్యు వస్తాయి. పి అంటే కొద్ది క్షణాల విరామం, డబ్ల్యు అంటే మనం సరే అనేవరకు ఆగడం. స్మార్ట్‌ఫోన్లలో అయితే పి బదులు కామా పడుతుంది, ఒక్కో కామాకు సుమారు 2 సెకన్లు ఆగుతుంది. యంత్రం మాట్లాడే తీరును బట్టి రెండో మూడో విరామాలు పెట్టవలసి రావచ్చు. ఇలా చేశాక ఆవిడ ఒక్క పేరు నొక్కితే చాలు, మిగిలిన అంకెలన్నీ ఫోనే పంపుతుంది. పిన్ నంబరును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇలా భద్రపరచవద్దు. ఆ ఫోను పరుల చేతిలో పడితే తాళంచెవి ఇచ్చినట్లే.

జవాబు (టెలిఫోను ఇంజనీరు, అరండల్‌పేట, గుంటూరు)

ల్యాండ్‌లైన్ ఎందుకు పలకలేదో చెబుతాను. నొక్కిన ప్రతి అంకెకూ రెండు స్వరాలు ఒకేసారి వెళ్లాలి. ఉదాహరణకు 5 నొక్కితే 770, 1336 హెర్ట్‌జ్‌ల స్వరాలు కలిసి వెళతాయి. అవతలి యంత్రం ఆ జంటను బట్టే అంకెను గుర్తిస్తుంది. 1963లో అమెరికాలో మొదలైన పద్ధతి ఇది. అంతకు ముందున్న పద్ధతిలో అంకెకు తగినన్నిసార్లు లైను తెగి కలుస్తుంది. ఎక్స్‌చేంజికి అది అర్థమై ఫోను కలుస్తుంది గానీ, కలిసిన తరువాత అవతలి యంత్రానికి టకటకమన్న చప్పుడు తప్ప ఏమీ చేరదు. పాత సెట్ల అడుగున గాని పక్కన గాని పి (లైను తెగి కలిసే పాత పద్ధతి), టి (స్వరాల పద్ధతి) అక్షరాలున్న చిన్న మీట ఉంటుంది. అది పి వైపు ఉంటే టి వైపు జరపండి. మీట విరిగి ఉంటే, ఫోను కలిసిన తరువాత నక్షత్రం గుర్తు ఒకసారి నొక్కితే చాలా సెట్లు ఆ కాల్ వరకు స్వరాలకు మారతాయి.

మొబైలులో ఈ చిక్కు లేదు. మీటల శబ్దం ఆపేసి ఉన్నా అంకెలు చేరతాయి. స్పీకరు పెట్టి, ఫోను చేతిలో పట్టుకుని వింటే చెవి దగ్గర నుండి తీసే ఆలస్యం తప్పుతుంది.

జవాబు (మొగల్రాజపురం)

నంబరు ఎక్కడి నుండి తీసుకున్నారన్నది అన్నింటికంటే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటర్నెట్‌లో వెతికితే మోసగాళ్లు పెట్టిన నకిలీ నంబర్లు కూడా కనబడతాయి. పాసుపుస్తకం మీద, కార్డు వెనుక ఉన్న నంబరునే నమ్మాలి. కార్డు పోతే నంబరు కూడా దానితోనే పోతుంది కాబట్టి ఇప్పుడే గోడ మీది క్యాలెండరులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. అలాగే, మీ ఫోను కొద్ది గంటల్లో ఆగిపోతుంది, 9 నొక్కండి అంటూ టెలికాం అధికారుల పేరుతో వచ్చే యంత్రపు కాల్స్ మోసాలే. అమ్మగారికి ఒక్క నియమం చెప్పండి: మనం చేసిన ఫోనులోనే అంకెలు నొక్కాలి, మనకు వచ్చిన ఫోనులో ఏదీ నొక్కకూడదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కార్డును శాఖలో ఆపించాము. ల్యాండ్‌లైన్ అడుగున మీట పి వైపే ఉంది. జరపగానే యంత్రం అంకెలను తీసుకుంది. మరో సందేహం: మనిషితో మాట్లాడే అవకాశమే రాకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు (సత్యనారాయణపురం)

ఫోను కంపెనీల విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2012లో ఇచ్చిన నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. మొదట భాష, తరువాత విభాగం, మూడో అంచెలో ఉద్యోగితో మాట్లాడే అవకాశం ఉండి తీరాలి. బ్యాంకులకు ఈ నిబంధన వర్తించదు. అక్కడ ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

భద్రపరిచిన అంకెల వరుసను మాత్రం మీరు గుంటూరు వెళ్లినప్పుడల్లా ఒకసారి సరిచూడండి. బ్యాంకులు ఆ వరుసను చెప్పకుండా మారుస్తుంటాయి.