పలికించెడివాఁడా, పలికించు విభుండా?

హన్మకొండ పాఠకుడు:
పోతన పద్యాలను యూనికోడ్‌లోకి ఎక్కిస్తున్నాను. ఎడమ తెర మీద పాత అచ్చుప్రతి స్కాను, కుడి తెర మీద టైపు చేసే పుట. ఒకే మానిటర్ ఉన్నప్పుడు ఒక విండో వెనక మరొకటి దాక్కునేది, పాదం మధ్యలో చోటు తప్పేది. ఇప్పుడా ఇబ్బంది తీరింది, ఇంకొకటి వచ్చి పడింది. "పలికెడిది భాగవతమఁట" పద్యం రెండో పాదం స్కానులో "పలికించు విభుండు రామభద్రుం డఁట" అని ఉంది. నా నోట ఎప్పుడూ ఆడేది "పలికించెడివాఁడు". పోతనది ఏది?

అరసున్న:
ఛందస్సును సాక్ష్యానికి పిలవకండి, అది రెండు పక్షాలకూ పలుకుతుంది. "చెడివా", "చువిభుం" రెండూ సగణాలే. ఆ తర్వాత రెండింటికీ "డురామ" జగణమే దక్కుతుంది, కందంలో మొదటి పాదం నుంచి లెక్కిస్తే ఆరో గణం అదీ, అక్కడ జగణమో నలమో ఉండాలి. యతి "భద్రుం" దగ్గర కదా, దానికి ఈ గొడవతో పని లేదు.

పాలకుర్తి పొరుగు:
ఛందస్సు తేల్చకపోతే చెవి తేలుస్తుంది. "పలికెడిది" అని మొదలుపెట్టిన కవి వెంటనే "పలికించెడివాఁడు" అనే అంటాడు. పైగా ఈ పద్యానికి కాస్త ముందే రాముడు కనబడిన సీసం చూడండి: "ఉవిద చెంగట నుండ నొప్పువాఁడు", "ముఖమునఁ జిరునవ్వు మొలచువాఁడు". పాదం చివర వాఁడు, మళ్లీ వాఁడు. అంత చనువుగా చూసినవాణ్ని రెండు పుటలు తిప్పేసరికి విభుణ్ని చేస్తాడా? మా బమ్మెర మనిషి అలా మాట మార్చడు.

కాజీపేట:
సీసం చెప్పి ఎత్తుగీతి దాచేశారేమండీ? "రాజముఖ్యుఁ డొక్కరుఁడు నా కన్నుఁగవకు నెదురఁ గానఁబడియె". ఎదుట నిలిచింది రాజే. లోకంలోని రాజులను "మనుజేశ్వరాధములు" అన్న కవికి విభుడనే మాట వాడుకోవడానికి రాముడొక్కడే మిగిలాడు. నా ఓటు విభుండుకే.

పాలకుర్తి పొరుగు:
ఆ "ఇమ్మనుజేశ్వరాధముల" పద్యంలోనే తనను తాను "బమ్మెర పోతరాజొకఁడు" అనుకున్నాడు. ఒకఁడు! ఆ ఒకఁడికి ఈ వాఁడే జోడు. రాజుకు అంకితమిచ్చి పురాలూ సొమ్ములూ పుచ్చుకుంటే కాలుడి సమ్మెట దెబ్బలు తప్పవని అంత చల్లగా చెప్పిన కవి ఇంకొకడున్నాడా? ఆ పద్యం చదివిన పూట నాకు వేరే పద్యం రుచించదు.

ప్రూఫుల మనిషి:
పోతన ఊరు బమ్మెరా ఒంటిమిట్టా అనే తగువు మాత్రం ఇక్కడికి తేకండి, పుణ్యముంటుంది. హన్మకొండ గారూ, ఆ స్కానును 400 శాతానికి పెంచి నాలుగో పాదం చూడండి. గాథా, గాధా? "థ"కు కడుపులో చుక్క ఉండాలి. ప్రతి పాతదైతే ఆ చుక్క సిరా కావచ్చు, ధూళి కావచ్చు. గాథ అంటే కథ, పాట. గాధ అంటే లోతు లేనిది, అగాధానికి ఎదురు. "వేఱొండు గాధ" అని అచ్చయితే మిగతా కావ్యాలన్నీ లోతు లేనివని పోతన అన్నట్టవుతుంది. కాజీపేట గారు సంతోషిస్తారేమో!

హన్మకొండ పాఠకుడు:
చూశాను, చుక్క ఉంది. అయితే అదే పుటలో "రామ"లోని "ర" కడుపులోనూ ఒక చుక్క ఉంది, అంటే "ఠామ". కాబట్టి రెండింటినీ నమ్మలేను. మరి వాఁడా, విభుండా?

అరసున్న:
దానికంటే ముందు రెండో పాదం చివర "నే" అని కొట్టారా, "నేఁ" అని కొట్టారా? "నేఁ" అయితే మూడో పాదం "బలికిన" అని మొదలవ్వాలి. అరసున్న ఎగరగొట్టి బకారం ఉంచే ప్రతులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కాజీపేట:
ఇంతకీ ఆ రెండో మానిటర్‌ను అడ్డంగానే పెట్టుకున్నారా? స్టాండు తిరిగేదైతే నిలువుగా తిప్పి, డిస్‌ప్లే సెట్టింగుల్లో పోర్ట్రెయిట్ ఎంచుకోండి. పుస్తకం పుట మొత్తం ఒకేసారి కనబడుతుంది, కిందికి జరపనక్కర్లేదు. నేను నిఘంటువును అలాగే పెట్టుకుంటాను.

ప్రూఫుల మనిషి:
నిలువు తెర చదవడానికి బాగు, పోల్చడానికి కాదు. పద్యం నాలుగు పాదాలే, దానికి పుటంతా ఎందుకు? నేను ఒకే తెరను రెండుగా చీల్చి స్కాను పైన, టైపు కింద పెడతాను. కన్ను ఒక్క బెత్తెడు దిగితే చాలు. మెడ పక్కకు తిప్పిన ప్రతిసారీ చదివిన పాదం జారిపోయి, కంఠస్థమైన పాదం ఆ చోట్లో కూర్చుంటుంది. వాఁడు, విభుండు తగువులో సగం అక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం. వెనకటి లేఖకులకూ ఎడమ పక్కన తాటాకు, కుడి పక్కన తాటాకే కదా.

పాలకుర్తి పొరుగు:
అంటే లేఖకుడి నోటికి వచ్చింది వాఁడనీ, ఆకు మీద ఉన్నది విభుండనీ మీ తీర్పా? అడ్డదారిన కాజీపేట పక్షం చేరారన్నమాట.

ప్రూఫుల మనిషి:
తిరగేసి కూడా చెప్పుకోవచ్చు.

హన్మకొండ పాఠకుడు:
తెర నిలువుగా తిప్పాను. ఇప్పుడు మౌసు బాణం అంచు దగ్గర ఆగిపోతోంది, అవతలికి దాటడం లేదు.

కాజీపేట:
సెట్టింగుల్లో రెండు తెరల బొమ్మల అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, లాగి సరిచేయండి. అంతవరకూ విండోస్ మీట, షిఫ్ట్, పక్క బాణం కలిపి నొక్కితే విండో తనంతట అదే అవతలి తెరకు వెళుతుంది.

అరసున్న:
"నేఁ" సంగతి ఎవరూ చెప్పలేదు.